మారోవిండ్ మొదటిసారి ఆడేవారికి మాడ్‌లు అవసరమా?

కొత్త ప్రయాణికుడు
2002లో వచ్చిన మారోవిండ్ అనే కంప్యూటర్ ఆటను ఇన్నేళ్ళకు మొదలుపెట్టాను. ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ విస్తరణలు రెండూ కలిసిన కూర్పు నా దగ్గర ఉంది. ఎక్కడో దొరికిన మాడ్‌ల (ఆటను మార్చేందుకు అభిమానులు చేసే చేర్పుల) జాబితా ప్రకారం ఇన్‌స్టాల్ చేద్దామని కూర్చుంటే మూడు సాయంత్రాలు గడిచిపోయాయి. తొంభై మాడ్‌లు వేశాను, జాబితాలో సగం కూడా కాలేదు. ఆటలో మాత్రం ఇంకా ఓడ దిగలేదు! విసుగు పుట్టి అన్నీ తీసేశాను.

నా వాదన ఇది: మొదటిసారి ఆడేవారు ఏ మాడూ వేయకూడదు. వేరెవరికో నచ్చనివి నాకూ నచ్చవని ముందే ఎలా అనుకోవాలి? కాదనేవారు చెప్పండి.

పాత దీపం
తొంభై తీసేసి మంచి పని చేశారు. కానీ ఒక్కటి కూడా వద్దనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. రెండు మాత్రం ఉంచుకోండి. మారోవిండ్ కోడ్ ప్యాచ్ ఆట ప్రోగ్రాములోని దోషాలనే సరిచేస్తుంది, మామూలు ప్లగిన్‌లతో, అంటే మాడ్ ఫైళ్ళతో, ఆ పని కాదు. ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్ క్వెస్టుల్లో, సంభాషణల్లో, వస్తువుల్లో మిగిలిపోయిన తప్పులను దిద్దుతుంది, ఆట తీరు జోలికి పోదు.

దూరపు దృశ్యాలు చూపించే ఎమ్‌జీఈ ఎక్స్‌ఈ మీ ఇష్టం. నేను వేసుకుని తీసేశాను. పొగమంచు తొలగి, ఎక్కడో ఉందనుకున్న వివెక్ నగరం ఎదురుగా కనిపించేసరికి ద్వీపం ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది.

ఇక ప్రతి దెబ్బా తగిలేలా చేసేవి, దారి చూపే బాణాలు పెట్టేవి మొదటి ఆటలో వద్దే వద్దు. అర్క్‌న్‌గ్‌థాండ్ శిథిలాల్లో పజిల్ బాక్స్ కోసం నేను గంటన్నర వెతికాను. తీరా చూస్తే ఒక అర మీద, చిన్న పెట్టె. ఆ గంటన్నర ఇప్పటికీ గుర్తుంది.

గురి తప్పినవాడు
నేను ఈ ఆటను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మానేశాను. కారణం ఒక పీత. ఆట మొదలయ్యే ఊరు సేడా నీన్ ఒడ్డున దాన్ని పొడుస్తూనే ఉన్నాను. బాకు దాని ఒంట్లోకి దిగినట్టు కళ్ళకు కనిపిస్తోంది, ఆట మాత్రం తగలలేదంటోంది. చివరికి ఆ పీతే నన్ను చంపింది. నాలుగోసారి, ప్రతి దెబ్బా తగిలే మాడ్ వేసుకుని ప్రధాన కథ పూర్తిచేశాను. అది లేకపోతే వివెక్ నగరం పొగమంచులో ఉందో ఎండలో ఉందో నాకు తెలిసేదే కాదు.

ఇక తయారుచేసినవారి ఉద్దేశమంటూ చేతులు జోడించేవారికి ఒక మాట. వాళ్ళు పీసీ డిస్కుల్లో మాడ్‌లు తయారుచేసుకునే కన్‌స్ట్రక్షన్ సెట్ కూడా పెట్టి ఇచ్చారు. పనిముట్టు చేతిలో పెట్టినవారి పేరు చెప్పి ఏదీ ముట్టుకోవద్దంటే ఎలా?

పాత దీపం
కన్‌స్ట్రక్షన్ సెట్ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. పీత సంగతి మాత్రం లెక్క వేసి చూద్దాం. ఆయుధ నైపుణ్యానికి చురుకుదనంలో ఐదో వంతు, అదృష్టంలో పదో వంతు కలపాలి. వచ్చినదాన్ని అలసటను బట్టి గుణించాలి: పచ్చ గీత నిండుగా ఉంటే 1.25తో, ఖాళీ అయితే 0.75తో. అందులోంచి ఎదుటివాడు తప్పించుకునే బలం తీసేయాలి.

మొదటి కార్యాలయంలో బల్ల మీద దొరికే బాకునే చాలామంది పట్టుకుని వెళ్తారు. షార్ట్ బ్లేడ్ (పొట్టి కత్తుల) నైపుణ్యం 5, చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుంటే మొత్తం 17. పీత తప్పించుకునే బలం ఇంకా తీసేయకముందే, సేద తీరి ఉంటే సుమారు 21 శాతం, పరుగెత్తుకుంటూ వెళ్తే సుమారు 13. అదే నైపుణ్యం 35 ఉన్న ఆయుధమైతే 59, అలసిపోతే 35. పీత చేసిన నేరం ఏమీ లేదు, మీరు రాని ఆయుధంతో రొప్పుతూ వెళ్ళారు. పైగా ఈ ఆటలో ఆయుధ నైపుణ్యం దెబ్బ తగలడానికే తప్ప దాని తీవ్రతకు పనికిరాదు. ప్రతిదీ తగిలితే 5కూ 60కీ తేడా ఏముంది?

గురి తప్పినవాడు
నా మాడ్ నైపుణ్యాన్ని బట్టి దెబ్బ తీవ్రతను మారుస్తుంది, కనుక తేడా ఉంది. మీ లెక్క బాగుంది గానీ, దాన్ని ఆట నాకు ఎక్కడా చెప్పలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత మీరు చెప్పారు.

వరుస క్రమం
ఇద్దరూ ఏ మాడ్ వేయాలని పోట్లాడుతున్నారు. కొత్తవారి ఆటను పాడుచేసేది వరుస. అసలు ఇంజిన్, అంటే ఆటను నడిపే ప్రోగ్రాము, ప్లగిన్‌లను ఫైల్ మీది తేదీ చూసి లోడ్ చేస్తుంది. 2003 నాటి ప్లగిన్‌ను ఈ రోజు జిప్ నుంచి విప్పినా సాధారణంగా పాత తేదీయే ఉంటుంది, అందుకే 2012 నాటిదాని కన్నా ముందు లోడవుతుంది. ఒక ప్లగిన్ ఒక దుకాణదారుడి ముఖం మార్చి, ఇంకొకటి అతని దగ్గర డబ్బు పెంచిందనుకోండి. చివర లోడైనదే నిలుస్తుంది: డబ్బు వస్తుంది, ముఖం పాతదే. ఇలాంటివి రెండుంటే కనిపెట్టవచ్చు. తొంభైలో ఎక్కడని వెతుకుతారు?

ఇంకోటి, ఆట మధ్యలో మాడ్ తీయకండి. పట్టణాన్ని పెంచే మాడ్ ఒకటి నచ్చక తీసేశాను. నా సామానంతా దాచుకున్న ఇల్లు ఆ మాడ్‌లోదేనని సేవ్ ఫైల్ తెరిచాక గుర్తొచ్చింది. నలభై గంటల సంపాదన గోడలతో సహా మాయం.

ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ అనే కొత్త ఇంజిన్‌లో ఈ తేదీల గొడవ లేదు. ఒక్కో మాడ్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టి, వరుసను లాంచర్‌లోనే సర్దుకోవచ్చు. కానీ పాత దీపం గారు చెప్పిన కోడ్ ప్యాచ్, ఎమ్‌జీఈ దానితో పనిచేయవు. ముందు ఇంజిన్ ఏదో తేల్చుకుని ఆ తర్వాత డౌన్‌లోడ్ మొదలుపెట్టండి.

కొత్త ప్రయాణికుడు
అసలు ఇంజిన్‌తోనే ఉండి, ఆ రెండే వేశాను. అరగంట పట్టింది. బాకు పక్కన పెట్టి కత్తి పట్టాను, పీత దగ్గరికి నడిచి వెళ్ళాను. నాలుగు దెబ్బల్లో రెండు తగిలాయి, పీత పోయింది. గురి తప్పినవాడు గారూ, మీ తరఫున పగ తీర్చుకున్నట్టే.

కోడ్ ప్యాచ్‌లో టిక్ పెట్టే ఒక గడి దగ్గర ఆగిపోయాను. సోల్‌ట్రాప్‌తో (ఆత్మను బంధించే మంత్రంతో) కలిపి వేసిన మంత్రం శాశ్వతంగా నిలిచిపోయే లొసుగును మూసేదట. అది దోషమా, ఆటలో భాగమా?

పాత దీపం
దోషమే. టిక్ పెట్టండి.

గురి తప్పినవాడు
చూశారా! ఆ ఒక్క లొసుగు మీద బతికిన ఆటగాళ్ళు ఎంతమంది ఉన్నారు! నాకు తగలని దెబ్బ ఆట తీరు, వాళ్ళకు నిలిచిన మంత్రం దోషమా?

కొత్త ప్రయాణికుడు
గడి ఖాళీగా వదిలేశాను, మీరిద్దరూ తేల్చుకోండి. నేను బాల్మోరా పట్టణానికి వెళ్ళే సిల్ట్ స్ట్రైడర్ (ప్రయాణికులను మోసే పెద్ద పురుగు) ఎక్కాలి.