జాగ్రత్త చేయడం, పొదుపు చేయడం ఒకటేనా?

"పొదుపు" అనే మాట మా అమ్మమ్మ తాతయ్యల నోట నేను పెద్దగా వినలేదు. డ్వాక్రా గ్రూపులు వచ్చాకే "ఈ నెల పొదుపు కట్టాలి" అనడం మా ఊళ్ళో మామూలైంది. అది డబ్బు మాట. మా కోనసీమ ఇళ్ళలో రోజూ వినిపించింది "జాగ్రత్త చెయ్యి".

ఒక్క "గా" తీసేస్తే అర్థం ఎంత మారిందో చూడండి. "జాగ్రత్తగా చెయ్యి" అంటే పని శ్రద్ధగా చేయమని. "జాగ్రత్త చెయ్యి" అంటే పారెయ్యకుండా, పాడవకుండా ఒక చోట పెట్టమని. "ఆవిడ జాగ్రత్త మనిషి" అంటే మెచ్చుకోలు. దుబారా మనిషి అంటే మాత్రం పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవారు.

మరి "దాచు" అనొచ్చుగా అని ఇక్కడ ఒకరు అడిగారు. దాచడంలో ఎదుటివాళ్ళ కంటపడకుండా చేయడం కూడా ఉంది. జాగ్రత్త చేసిన వస్తువు ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు, అవసరానికి చేతికి రావాలి. వేమన "తాను తినక లెస్స దాచుకొనగ" అని లోభిని తిట్టినప్పుడు వాడింది దాచుకోవడమే, గమనించండి. సంస్కృతంలో జాగ్రత్ అంటే మేలుకుని ఉండటం. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అంటాం కదా, అదే. వస్తువుల విషయంలో మా పెద్దవాళ్ళు నిజంగా మేలుకునే ఉండేవారు.

కొట్టు నుంచి వచ్చిన పొట్లాం పురికొసని అమ్మమ్మ కత్తిరించనిచ్చేది కాదు. గోటితో ముడి విప్పి, పాత ముక్కకి దీన్ని ముడేసి, ఉండగా చుట్టేది. ఆవకాయ జాడీకి వాసెన కట్టేది ఆ పురికొసతోనే. వాసెన గుడ్డ తాతయ్య పాత పంచె ముక్క. పంచెలో మిగిలినది, అమ్మమ్మ చీరలతో కలిసి బొంత అయ్యేది. బియ్యం కడుగు కుడితి గోలెంలోకి, నూకలు ఉప్పిండికి, తవుడు గేదెకి. కొబ్బరి చెట్టు సంగతి చెప్పక్కర్లేదు: ఈనెలు చీపురుకి, మట్టలు పొయ్యిలోకి, పీచు గిన్నెలు తోమడానికి.

గోదావరి జిల్లాలంటే పచ్చదనం, పెట్టిపోతలు అనుకునేవాళ్ళకి ఇదంతా వింతగా ఉండొచ్చు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి నీళ్ళొచ్చిన మాట నిజమే, సార్వా, దాళ్వా రెండు పంటలూ పండాయి. కానీ ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. ఆలోపు ఊరి చెరువు నింపుకోకపోతే తాగేందుకే కటకట. ఇక 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి వేరే చెప్పాలా? కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. చేతికొచ్చిన పంట ఇంటికొచ్చేదాకా నమ్మకం లేని నేల ఇది. అందుకే "ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి" అనే సామెతని మా తాతయ్య దెప్పడానికే వాడేవాడు.

దీన్ని పిసినారితనం అంటే నేను ఒప్పుకోను. పురికొస ముక్క పారెయ్యని ఆ ఇంట్లోనే వేళకాని వేళ ఎవరొచ్చినా విస్తరి వేసేవారు. నెయ్యి వెయ్యడంలో జాగ్రత్త మాటే ఉండేది కాదు!

— (చదివిన ఒకరి వ్యాఖ్య) భీమవరం వైపు మేము "జాగ్రత్త పెట్టు" అని కూడా అంటామండీ. "పదిలం" కూడా ఇదే కదా?

— (నా జవాబు) దగ్గరి మాటేనండీ, కానీ నాకు తేడా వినిపిస్తుంది. ఉత్తరాలు, నగలు, ఎవరో ఇచ్చిన గుర్తు, ఇవి పదిలం. అప్పటికే విలువున్నవి. పురికొసనీ పాత పంచెనీ ఎవరూ "పదిలంగా ఉంచు" అనరు, జాగ్రత్త చెయ్యమంటారు. మీ "జాగ్రత్త పెట్టు" మాత్రం బాగుంది. మా అత్తగారిది పాలకొల్లు, ఆవిడా అలాగే అంటారు. గోదావరికి పడమట "పెట్టు", తూర్పున "చెయ్యి" అని గీత గీయొచ్చేమో, తణుకు, రాజోలు వైపు వాళ్ళు కూడా చెప్తే తేలుతుంది.