చీటీ లేకపోతే నిద్రమాత్ర ఇవ్వరా? ఇదేం పద్ధతి?

బ్రాడీపేట అబ్బాయి:
మా అమ్మకు 68 ఏళ్లు. నాన్న పోయాక నిద్ర పట్టడం లేదంటే డాక్టరు అల్ప్రాజోలం రాశారు. ఆ చీటీ ఎప్పుడో చిరిగిపోయింది, మాత్ర మాత్రం ఆగలేదు. అడగ్గానే స్ట్రిప్పు ఇచ్చే మెడికల్ షాపాయన ఇప్పుడు కొత్త చీటీ కావాలంటున్నాడు. మత్తుకు మింగే కుర్రాళ్లను పట్టుకోలేక ముసలివాళ్ల మీద పడతారా?

సూర్యారావుపేట ఫార్మసిస్టు:
మాది బెజవాడ. ఇక్కడా ఇదే గొడవండీ. అల్ప్రాజోలం, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, దగ్గు సిరప్‌లో ఉండే కోడీన్ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. 2014 మార్చి నుంచి డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. 2018లో ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందకి కూడా తెచ్చారు. తనిఖీలో దొరికితే నా లైసెన్సు పోతుంది. ఎవరు అమ్మ కోసం అడుగుతున్నారో, ఎవరు మత్తు కోసమో మొహం చూసి ఎలా చెప్పను? కోడీన్ సిరప్ కోసం వచ్చేవాడు కూడా దగ్గుతూనే వస్తాడు.

ఆటోనగర్ కుర్రోడు:
బాగా చెప్పావు అన్నా, కానీ నువ్వు పొమ్మంటే పక్క షాపువాడు ఇస్తాడు. మా ఫ్రెండ్ ఒకడు సిరప్ తాగి, పైన బీరు తాగేవాడు. సిరప్ దొరకనప్పుడు నొప్పి మాత్రలకు ఎగబడ్డాడు. ఒక్క షాపు స్ట్రిక్టుగా ఉంటే ఏం లాభం?

కొత్తపేట నర్సు:
ఆ సిరప్, బీరు కలిపితే ప్రాణం మీదకొస్తుంది తమ్ముడూ. కోడీన్ లివర్‌లో మార్ఫిన్‌గా మారుతుంది. కొందరిలో ఆ మార్పు మరీ వేగంగా జరుగుతుంది, మామూలు డోసుకే ఊపిరి మందగిస్తుంది. మద్యం తోడైతే నిద్రలోనే శ్వాస ఆగిపోవచ్చు.

బ్రాడీపేట బాబూ, మీ అమ్మగారి విషయం వేరే. మాత్ర దొరకడం లేదని ఉన్నట్టుండి ఆపేయకండి. ఏళ్ల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు, విపరీతమైన టెన్షన్, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. అలాగని వాడుతూ పోవడమూ మంచిది కాదు. ఆ వయసులో తూలి పడటం, తుంటి విరగడం, మతిమరుపు మేం రోజూ చూస్తాం. డోసును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పినట్టే.

బ్రాడీపేట అబ్బాయి:
చాలా థాంక్స్ అక్కా. ఇంట్లో రెండే మాత్రలున్నాయి. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఓపీ క్యూలో నిలబడలేదు. వీడియో కాల్‌లో రాయించుకోకూడదా?

సూర్యారావుపేట ఫార్మసిస్టు:
కుదరదండీ. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అల్ప్రాజోలం లాంటివి ఫోన్‌లో రాయకూడదు. ఈ విషయంలో మీ కోపం న్యాయమే. నడవలేనివాళ్లను రప్పించడం నాకూ నచ్చదు.

కొత్తపేట నర్సు:
మన ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఉంది, వీల్‌చెయిర్ అడగండి. ఈలోగా ఏం చేయాలో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, 14416కు, ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. తమ్ముడూ, నీ ఫ్రెండ్‌కు కూడా ఈ నంబరు ఇవ్వు. పోలీసు కేసవుతుందని భయపడితే, మత్తు అలవాటున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే చికిత్సకు వస్తే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లో కొంత రక్షణ ఉంది.

బ్రాడీపేట అబ్బాయి:
రేపే తీసుకెళ్తాను. కానీ ఇన్నేళ్లూ అడగకుండా ఇచ్చి, ఒక్కరోజులో గేటు మూసేయడం మాత్రం తప్పే.

సూర్యారావుపేట ఫార్మసిస్టు:
అడగకుండా ఇవ్వడమే అసలు తప్పండీ. ఏ వారం ఎన్ని మాత్రలో చీటీ మీద రాయించుకోండి. అది చూపిస్తే ఏ షాపువాడూ కాదనడు.