అరగంట మాట్లాడినందుకు 14,000 బిల్లు. కట్టాలా?

కొల్లిపర రైతుబిడ్డ:
అమ్మకు పుట్టింటి పొలంలో వాటా గురించి గుంటూరులో ఒక ప్లీడరు గారిని కలిశాం. అరగంట మాట్లాడి, "కాగితాలు ఉంచి వెళ్ళండి, చూసి చెబుతా" అన్నారు. ఫీజు ఊసే ఎత్తలేదు. తొమ్మిదో రోజున గుమస్తా వాట్సాప్‌లో 14,000కి బిల్లు పెట్టాడు. కేసు అప్పగించే వకాలత్ మీద సంతకం పెట్టలేదు, కేసు వెయ్యలేదు. వినియోగదారుల కోర్టుకు వెళ్తాను.

రిటైర్డ్ మాస్టారు:
కుదరదు బాబూ. వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చింది.

జూనియర్ నల్లకోటు:
ఈసీ (భూమి లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), అడంగల్ (సాగు రికార్డు) చదవడం పని కాదా అండీ? మా సీనియర్ కోసం రాత్రి పదకొండు దాకా దస్తావేజులు చదివి నోట్సు రాస్తాను. పొద్దున క్లయింటు "మాట సాయమే కదా" అని లేచి వెళ్ళిపోతాడు. మొదటి మూడేళ్ళు నాకు పెట్రోలు ఖర్చులే వచ్చాయి.

కొల్లిపర రైతుబిడ్డ:
మీ పెట్రోలుతో నాకేం పని? "చూసి చెబుతా" అన్నారు, "చూస్తే ఇంత అవుతుంది" అనలేదు. నేను అడిగేది అదొక్కటే.

తెనాలి లక్ష్మి:
మా ఆయన యాక్సిడెంటు కేసులో వచ్చిన పరిహారంలో పావు వంతు పట్టుకున్నారు. అందరూ అంతే.

జూనియర్ నల్లకోటు:
వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం తప్పమ్మా. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

తెనాలి లక్ష్మి:
తప్పయితే మా డబ్బు ఎవరు తిరిగిస్తారు?

రిటైర్డ్ మాస్టారు:
బిల్లుతో పాటు ఏమైనా రాసి పంపారా?

కొల్లిపర రైతుబిడ్డ:
రెండు పేజీలు. 1998లో తాతయ్య, ఇద్దరు మావయ్యలు పొలం మూడు భాగాలు చేసి రిజిస్టరు చేయించుకున్నారట. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాన్ని, కూతుళ్ళకు కొడుకులతో సమాన వాటా ఇచ్చిన 2005 చట్టం కదిలించదట. అమ్మ పెళ్ళి 1982లో అయింది కాబట్టి పెళ్ళికాని కూతుళ్ళకు వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లో తెచ్చిన సవరణ కూడా వర్తించదట.

జూనియర్ నల్లకోటు:
తాతగారి భాగం? వీలునామా రాశారా?

కొల్లిపర రైతుబిడ్డ:
రాయలేదు. తాతయ్య భాగం తొంభై సెంట్లలో అమ్మకు మూడో వంతు వస్తుందని రాశారు. ముప్పై సెంట్లు. మేం తొంభై అనుకుని వెళ్ళాం.

జూనియర్ నల్లకోటు:
అదీ సంగతి. తొంభై అని రాసుంటే మాట్లాడకుండా కట్టేవారు.

కొల్లిపర రైతుబిడ్డ:
కట్టేవాణ్ణే! ఆ కాగితం చదివి అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. పంపకం జరిగిందని ఇరవై ఏళ్ళకు పైగా తోడబుట్టినవాళ్ళు ఒక్క మాట చెప్పలేదు. ఆ సంగతి బయటి మనిషి రాస్తే చదవాల్సి వచ్చింది, పైగా దానికి డబ్బు. కట్టేదాకా పొలం ఒరిజినల్ పాస్‌బుక్ ఇవ్వనంటున్నాడు గుమస్తా.

జూనియర్ నల్లకోటు:
ఒరిజినల్స్ ఆపుకోవడం తప్పే. అక్కడ మీ వైపే ఉంటాను.

రిటైర్డ్ మాస్టారు:
ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టుకునే హక్కు వకీలుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రాతపూర్వకంగా అడుగు. ఇవ్వకపోతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యి. ముప్పై సెంట్ల దావాకు ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

కొల్లిపర రైతుబిడ్డ:
రేపే ఉత్తరం ఇస్తాను మాస్టారూ. పాస్‌బుక్ చేతికొచ్చాక ఏడు వేలు కడతాను. అంతకు మించి ఇవ్వను.

జూనియర్ నల్లకోటు:
ఆయన చదివింది సగం కాగితాలు కాదండీ.