మార్చి తర్వాత మిద్దె మీద టమాటా: నీడ వల కట్టి కొనసాగించాలా, పీకేయాలా?

నారుమడి:
హైదరాబాద్ మిద్దె తోట. 15 అంగుళాల గ్రో బ్యాగులు 30. ఏడాది పట్టిక అంతా కుదిరింది, మార్చి నుంచి తొలకరి దాకానే తేలట్లేదు. సగం ఎండను ఆపే 50 శాతం నీడ వల కడితే టమాటా వేసవంతా కాస్తుందని కొందరు, అన్నీ పీకేసి మట్టిని ఎండకు వదిలేయమని కొందరు అంటున్నారు. ఏది సరైనదో కారణంతో సహా చెప్పండి.

ఎర్రమట్టి:
టమాటా కోసమైతే వల దండగ. పగటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి వేడి కూడా దాన్ని దెబ్బతీస్తుంది. రాత్రిళ్లు 15–20 డిగ్రీలుంటే పిందె బాగా నిలుస్తుంది. 22 దాటి, పగలు 35 పైకి పోతే పుప్పొడి చెడిపోయి పూత కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. మే నెలలో హైదరాబాద్ రాత్రులు 26 డిగ్రీల దగ్గరుంటాయి, విజయవాడలో ఇంకాస్త ఎక్కువే. వల రాత్రిని చల్లబరచదు కదా! పైగా పగలంతా కాగిన స్లాబు పొద్దుపోయాక వేడి కక్కుతుంది. రాలుతున్న పూతను చూసి ఎరువు కుమ్మరిస్తే ఆకే పెరుగుతుంది. చెర్రీ రకాలు కాస్త తట్టుకుంటాయి, అంతే.

పట్టికను మార్చి నుంచి వెనక్కి రాసుకోండి. నారుకు 25–30 రోజులు, నాటాక తొలి కోతకు 60–70 రోజులు. నవంబరు మొదటి వారంలో నారు పోస్తే డిసెంబరు మొదట్లో నాటొచ్చు, ఫిబ్రవరిలో కోత. ఆఖరి విడత అదే. సంక్రాంతికి నారు పోసినవాళ్లే ఏప్రిల్‌లో వల కోసం తిరిగేది.

తీగపందిరి:
ఎర్రమట్టి గారూ, టమాటా సంగతి ఒప్పుకున్నా. కానీ చదివినవాళ్లు వల మొత్తానికే పనికిరాదనుకుంటారు. పాలకూర, కొత్తిమీర దాని కింద ఏప్రిల్ దాకా లాగొచ్చు. వల లేకపోతే కొత్తిమీర నాలుగాకులకే పూతకొస్తుంది.

చెడేది కట్టే తీరులో. మొక్కల నెత్తి మీద నాలుగడుగుల ఎత్తున కట్టి, నాలుగు పక్కలా మూసేస్తారు. గాలాడక లోపల ఉక్క పెరుగుతుంది, పిండినల్లి చేరుతుంది. కనీసం ఏడడుగుల ఎత్తు ఉండాలి, పక్కలు తెరిచే ఉంచాలి. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ఎండ మాడ్చేస్తుంది కాబట్టి ఆ ఒక్క వైపు తెర దించితే చాలు. కాయగూరలకు 50 శాతం వద్దు, వెలుగు చాలక మొక్క సాగిపోతుంది. 35 శాతం చాలు.

వేరుముడి:
ఇద్దరూ మట్టిని మరిచారు. మే దాకా ఈడ్చిన టమాటా మొక్క కాయ ఇవ్వకపోగా తెల్లదోమకు ఇల్లవుతుంది. ఆకుముడత వైరస్ అక్కడి నుంచే జూన్‌లో నాటే మిరపకు పాకుతుంది. పీకినప్పుడు వేళ్లు చూడండి. బుడిపెలుంటే నులిపురుగు (వేళ్లలో చేరే, కంటికి కనబడనంత చిన్న పురుగు) ఉన్నట్టే. ఆ మట్టిలో వంగ, బెండ వేస్తే ఎదగవు, ఎంత నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వాడిపోతాయి.

దానికి మందు మే ఎండే. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్నారుగా, పురుగెంత! వేళ్లు ఏరేసి, మట్టిని మిద్దె మీద పట్టా పరిచి జానెడు మందాన పోయండి. పిండితే ముద్ద కట్టేంత తడపండి. పైన పారదర్శకమైన పాలిథిన్, 25–50 మైక్రాన్లది, మట్టికి ఆనేలా కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టి 4–6 వారాలు వదిలేయండి. నల్ల కవరు వద్దు, అదే వేడెక్కుతుంది తప్ప మట్టికి అంత వేడి చేరదు. పొడి మట్టిని కప్పినా ఫలితం తక్కువ, లోపలికి వేడి దిగడానికి తడి కావాలి. ట్రైకోడెర్మా (మట్టికి మేలు చేసే బూజు), వర్మీకంపోస్ట్ ముందే కలపొద్దు, కవరు తీశాకే.

తీగపందిరి:
పద్ధతి బాగుంది గానీ 30 బ్యాగులూ ఖాళీ చేస్తే ఇంట్లో కూరేది అన్నా? ఎండను ఇష్టపడే పంటలే ఉన్నాయిగా: గోరుచిక్కుడు, బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి. తోటకూర 25–30 రోజుల్లో చేతికొస్తుంది, పది రోజులకో బ్యాగు చొప్పున విత్తితే తెగదు.

పాదులు మాత్రం జనవరి రెండో పక్షంలోనే పెట్టాలి. ఏప్రిల్‌లో పెడితే వేడికి, పెరిగే పగటికి అన్నీ మగపూలే వస్తాయి. మిద్దె మీదికి తేనెటీగలు తక్కువ, చేత్తో పరాగం అద్దాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి పొద్దున. పొద్దున తొమ్మిదింటికి బీర పాదు దగ్గర బ్రష్షుతో నిలబడితే లాభం లేదు.

కొత్తచిగురు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. ఆ ఖాళీలో చిక్కుడు వేయొచ్చా? ఫిబ్రవరిలో పెడితే మే నాటికి కాయ రాదా అక్కా?

ఎర్రమట్టి:
పందిరి చిక్కుడు అయితే రాదు. అది పగలు పొట్టిగా ఉంటేనే పూస్తుంది. ఫిబ్రవరిలో పెట్టినా, జూన్‌లో పెట్టినా పూత వచ్చేది చలికాలం మొదట్లోనే, మధ్యలో తీగకు నీళ్లు మోసే పనే మిగులుతుంది. వేసవికి కావాలంటే పగటి పొడవుతో పనిలేని పొద రకాలు అడిగి తీసుకోండి, అర్క జయ్ లాంటివి.

నారుమడి:
ఇంతకీ 30లో ఎన్ని ఖాళీ చేయాలి?

వేరుముడి:
టమాటా, వంగ, మిరప, బెండ ఉన్నవన్నీ. మిగతావి వదిలేయండి.

తీగపందిరి:
అన్నీ ఎందుకు? వేళ్లకు బుడిపెలున్నవి చాలు. శుభ్రంగా ఉన్న మట్టిని కాల్చి మేలు చేసే జీవాలను కూడా చంపుకోవడమెందుకు?

వేరుముడి:
తొలి దశలో బుడిపెలు ఆవగింజంత ఉంటాయి, మట్టి దులిపితే కనబడవు. వేళ్లను బకెట్ నీళ్లలో కడిగి చూశాక అప్పుడు చెప్పండి శుభ్రమని. ఏప్రిల్ 20లోపు కప్పండి, మే నెలాఖరుకు తీసి ఎరువు కలిపితే మృగశిరకు నాటడానికి బ్యాగులు సిద్ధంగా ఉంటాయి. వంగ నారు మే మొదటి వారంలోనే ట్రేల్లో పోసుకోండి, ఆ ట్రేల మీద మాత్రం తీగపందిరి గారి వల కట్టండి.