అడ్వాన్స్‌డ్ డీబీఎంఎస్: లెక్కలు వస్తున్నాయి, సబ్జెక్టు మాత్రం బుర్రకెక్కడం లేదు

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కాకినాడ దగ్గర ఒక కాలేజీలో ఎంటెక్ సీఎస్ఈ, ఫస్ట్ సెమ్. బీటెక్‌లో డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) బాగానే చేశాను, నార్మలైజేషన్, ఎస్‌క్యూఎల్ అంటే భయం లేదు. అడ్వాన్స్‌డ్ డీబీఎంఎస్ మొదలైన నెలన్నరకే చేతులెత్తేసేలా ఉన్నాను. ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్ల (ఒక్క పనిగా లెక్కేసే మార్పుల గుంపుల) షెడ్యూల్ ఇచ్చి, అది కాన్‌ఫ్లిక్ట్ సీరియలైజబులా, అంటే ఒకదాని తర్వాత ఒకటి నడిపినట్టే లెక్కా, కాదా అంటే ఏది ముందో బాణాలతో గ్రాఫ్ గీసి సైకిల్ ఉందో లేదో చెప్పేస్తాను, మార్కులూ పడతాయి. కానీ ఆ సైకిల్ ఉంటే నిజంగా ఏం కొంప మునుగుతుందని ఎవరైనా అడిగితే నోరు పెగలదు.

క్రాష్ అయ్యాక డేటాని సరిచేసే రికవరీ ఇంకా కష్టంగా ఉంది. ఏరీస్ అనే రికవరీ అల్గారిదమ్‌లో అనాలిసిస్, రీడూ (మార్పుని మళ్లీ రాయడం), అన్‌డూ (వెనక్కి తీయడం) అని మూడు దశలు బట్టీ పట్టాను. కమిట్ కాని, అంటే పూర్తయినట్టు ఖాయం కాని, ట్రాన్సాక్షన్ చేసిన మార్పుల్ని కూడా ముందు రీడూ చేసి, ఆ తర్వాత అన్‌డూ చేయడం ఏంటి? ఎలాగూ తీసేసేదాన్ని పనిగట్టుకుని మళ్లీ రాయడం ఎందుకు? క్లాసులో అడిగితే అల్గారిదమ్ అంతే, అలాగే రాయండి అన్నారు. మిడ్‌కి 20 రోజులుంది. మార్కుల కోసమే అయితే బట్టీ సరిపోతుంది, నాకు మాత్రం అర్థం కావాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఇండెక్స్‌పేజీ:

తమ్ముడూ, సైకిల్ సంగతి ఈ రాత్రికే తేలిపోతుంది. ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేసుకుని రెండు టెర్మినల్స్ పక్కపక్కన తెరువు. నేను హైదరాబాద్‌లో ఎంటెక్ చేసినప్పుడు ఒక సెమిస్టరంతా అర్థం కానిది ఇలా ఒక్క గంటలో అర్థమైంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

హాస్టల్ మెస్ అనుకో. ఇద్దరు వంటమాస్టర్లు, టేబుల్లో రెండు వరసలు, ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. ఎప్పుడూ ఒక్కరైనా డ్యూటీలో ఉండాలన్నది రూల్. రెండు టెర్మినల్స్‌లోనూ రిపీటబుల్ రీడ్ అనే ఐసోలేషన్ లెవెల్‌లో (మొదట్లో చూసిన డేటానే చివరిదాకా చూపేది) ట్రాన్సాక్షన్ మొదలుపెట్టు. రెండు చోట్లా డ్యూటీలో ఎంతమంది ఉన్నారో కౌంట్ అడుగు, 2 అని వస్తుంది. ఇంకొకరు ఉన్నారు కదా అని మొదటి టెర్మినల్లో ఒకరికి సెలవు ఇచ్చెయ్, రెండోదాంట్లో రెండో ఆయనకి ఇచ్చెయ్, రెండూ కమిట్ కొట్టు. ఏ గొడవా లేకుండా రెండూ కమిట్ అవుతాయి, మెస్‌లో వండేవాడు ఉండడు. ఒకదాని తర్వాత ఒకటి నడిపి ఉంటే రెండో ట్రాన్సాక్షన్‌కి కౌంట్ 1 అని కనపడేది, సెలవు ఇచ్చేదే కాదు. దీన్నే రైట్ స్క్యూ అంటారు.

ఇప్పుడు నువ్వు పరీక్షలో గీసే గ్రాఫే దీనికీ గీయి. టీ1 చదివిన వరసని టీ2 మార్చింది, టీ2 చదివినదాన్ని టీ1 మార్చింది, రెండు బాణాలు ఎదురెదురుగా వస్తాయి. నీ సైకిల్ అదే. తర్వాత ఇదంతా అన్నిటికన్నా గట్టిదైన సీరియలైజబుల్ లెవెల్‌లో మళ్లీ చెయ్. పోస్ట్‌గ్రెస్‌లో 2011లో 9.1 వెర్షన్ రాకముందు సీరియలైజబుల్ అని అడిగినా దొరికేది స్నాప్‌షాట్ ఐసోలేషనే (ఇప్పటి రిపీటబుల్ రీడ్ లాంటిదే), ఈ తప్పు జరిగిపోయేది. ఇప్పుడేమవుతుందో నేను చెప్పను, నువ్వే చూడు.

లాగ్‌రాసేవాడు:

రీడూ గురించి అడిగింది చాలా మంచి ప్రశ్న, దానికి అల్గారిదమ్ అంతే అన్న జవాబు విని నాకు బాధేసింది. ఏరీస్ పేపర్ 1992లో వచ్చింది, రాసినవాళ్లలో మొదటి పేరు ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్‌ది, మన ఐఐటీ మద్రాసులో చదివినాయన. దాదాపు 70 పేజీల పేపర్, నీ ప్రశ్నకి జవాబు కోసం అందులో బోలెడు చోటు పెట్టారు.

డిస్కులో చాలా వరసలు కలిపి ఉంచే ఒక పేజీ తీసుకో. అందులో ఏ అనే వరసకి టీ1 500 కలిపింది, లాగ్‌లో (జరిగిన మార్పులన్నీ రాసుకునే చిట్టా) దాని నంబరు 20. అదే పేజీలో బీ అనే వరసని టీ2 మార్చింది, నంబరు 30. టీ2 కమిట్ అయింది, టీ1 కాలేదు, ఇంతలో కరెంటు పోయింది. పేజీ ఇంకా డిస్కుకి వెళ్లలేదు, డిస్కులో ఉన్న పాత కాపీ మీద నంబరు 10, అంటే లాగ్‌లో 10 దాకా మార్పులే అందులో ఉన్నాయి. నువ్వన్నట్టు కమిట్ అయిన టీ2ని మాత్రమే రీడూ చేద్దాం. పేజీ మీద నంబరు 30 అయింది. ఇప్పుడు టీ1ని అన్‌డూ చేయడానికి వచ్చావు, దాని మార్పు పేజీలో ఉందా లేదా? పేజీ నంబరు 30, అంటే 20 కూడా ఎక్కేసిందనే అర్థం, కానీ నిజానికి ఎక్కలేదు. ఆ నంబరుని నమ్మి 500 తీసేస్తే, ఎప్పుడూ కలపని డబ్బు తీసేసినట్టు. ఒక పేజీకి ఒకే నంబరు, వరసలు మాత్రం చాలా, లాక్ వరస మీదే ఉంటుంది కాబట్టి ఇద్దరు ఒకే పేజీలో రాయొచ్చు, తంటా అంతా అక్కడే. అందుకే ముందు జరిగినదంతా జరిగినట్టే తిరిగి రాసి, పేజీని క్రాష్ అయిన క్షణానికి తెచ్చి, ఆ తర్వాతే అన్‌డూ మొదలుపెడతారు. అన్‌డూ చేసిన ప్రతి అడుగుకీ లాగ్‌లో ఇంకో రికార్డు పడుతుంది, మధ్యలో మళ్లీ క్రాష్ అయినా ఒకే మార్పుని రెండుసార్లు వెనక్కి తీయకుండా.

ఇది కాగితం మీద నీ చేత్తో ఒకసారి వేసి చూడు, చదివితే చాలదు.

ఒక హెచ్చరిక. పైన అక్క చెప్పిన పోస్ట్‌గ్రెస్‌లో ఈ అన్‌డూ దశ కోసం వెతక్కు, కనపడదు. అక్కడ పాత వెర్షన్లు టేబుల్లోనే ఉంటాయి, రికవరీలో రీడూ ఒక్కటే. అన్‌డూ లాగ్ చూడాలంటే మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ గురించి చదువు.

డల్లాస్_చలి:

నేను ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాను. కార్నెగీ మెలన్ వాళ్ల 15-445 కోర్సు వీడియోలు యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి, ప్రాజెక్టుల్లో బఫర్ పూల్ (డిస్కు పేజీల్ని మెమరీలో ఉంచే భాగం) లాంటివి సీ ప్లస్ ప్లస్‌లో మనమే రాయాలి. కానీ మిడ్‌కి 20 రోజులే ఉందన్నారు కాబట్టి ఇప్పుడు ప్రాజెక్టు మొదలుపెట్టకండి, సగంలో ఆగి ఇంకా టెన్షన్ పడతారు. లాగ్, లాకుల లెక్చర్లు మాత్రం చూడండి, మిగతావి సెలవుల్లో.

గోదారిగట్టు:

అక్కా, చేశాను. రిపీటబుల్ రీడ్‌లో మీరన్నట్టే డ్యూటీలో సున్నా మంది మిగిలారు, చూసి ఒక నిమిషం అలాగే కూర్చుండిపోయాను. సీరియలైజబుల్‌లో మొదటిది కమిట్ అయింది, రెండోదాంట్లో కమిట్ కొట్టగానే ఎర్రర్, రీడ్ రైట్ డిపెండెన్సీస్ వల్ల సీరియలైజ్ చేయలేకపోయానని. నేను గ్రాఫ్‌లో గీసే బాణాల పేరే అందులో ఉంది! ఇంకోటి కూడా ప్రయత్నించాను, రిపీటబుల్ రీడ్‌లోనే ఇద్దరూ ఒకే వరసని మారిస్తే రెండో టెర్మినల్ ఆగిపోయింది, మొదటిది కమిట్ కాగానే రెండోదానికి ఎర్రర్ వచ్చింది. అంటే ఒకే వరస అయితే పట్టుకుంటోంది, వేర్వేరు వరసలైతే వదిలేస్తోంది, అంతేనా?

అన్నా, మీ 10, 20, 30 లెక్క కాగితం మీద వేశాను. ఏ వరసలో మొదట 2000 పెట్టుకున్నాను, టీ2ని మాత్రమే రీడూ చేస్తే చివరికి 1500 వచ్చింది. రూమ్మేట్‌కి కూడా వేసి చూపించాను.

ఇండెక్స్‌పేజీ:

అంతే. స్నాప్‌షాట్‌లో ఇద్దరూ ఒకే వరసని రాస్తేనే గొడవ తెలుస్తుంది, ఒకరు చదివిందాన్ని ఇంకొకరు రాస్తే తెలియదు. ఇప్పుడు అదే మెస్ టేబుల్ మీద కౌంట్ బదులు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో (చదువుతూనే వరసలకి లాక్ వేసేది) రెండు వరసలూ తీసుకుని, రీడ్ కమిటెడ్‌లో (అప్పటికి కమిట్ అయిన డేటాని చూపే లెవెల్) నడుపు. రెండో టెర్మినల్ ఎక్కడ ఆగుతుందో, ఆగి లేచాక డ్యూటీలో ఎంతమందిని చూపిస్తుందో చూసి ఇక్కడే రాయి.