మౌల్‌వుర్ఫ్‌లో ‘మౌల్’ నోరేనా?

అరసున్న:
రెండు రోజులుగా ఒక వాక్యం వదలడం లేదు. “భేష్, బాగా తవ్వావు, ముసలి...” ఆపైన పందికొక్కా, చుంచెలుకా? మార్క్స్ విప్లవాన్ని మెచ్చుకుంటూ అన్నది, లూయీ బోనపార్ట్ ఫ్రాన్స్‌లో అధికారం చేజిక్కించుకోవడం మీద 1852లో రాసిన ‘పద్దెనిమిదో బ్రూమేర్’లోది. మూలంలో ఉన్న జర్మన్ మాట మౌల్‌వుర్ఫ్, నేల కింద సొరంగాలు తవ్వే చిన్న జంతువు, ఇంగ్లిషులో మోల్. మౌల్ జంతువు నోరు, వుర్ఫ్ విసురు. నోటితో మట్టి విసిరేదనేనా?

చెదలపుస్తకం:
కానే కాదు. అది తవ్వేది పారల్లాంటి ముంగాళ్లతో. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో ‘మూవెర్ఫ్’. మూ అంటే కుప్ప. ఆ మూ ఎవరికీ అర్థం కాకుండా పోయాక ‘మొల్ట్’, అంటే మట్టి, వచ్చి చేరింది. అదీ మరుగున పడ్డాక నోరు అంటగట్టారు.

బెర్లిన్ బాబాయి:
అందరూ మొదటి అక్షరం పట్టుకుని వేలాడేవారే! వుర్ఫ్ మాత్రం? పాత ‘వెర్ఫ్’ విసిరేది, నేటి వుర్ఫ్ విసరడం. కర్త కాస్తా క్రియ అయింది. పైగా షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ నాటకంలో హాట్‌స్పర్ అనే పాత్ర నోట ‘మోల్డ్‌వార్ప్’ పలికించాడు. మోల్‌కి అది పాత పేరు, మోల్డ్ అంటే మట్టి. ఇంగ్లిషులోనూ మట్టే ఉంటే కుప్ప ముందని ఎలా అంటారు?

చెదలపుస్తకం:
గడ్డివామిని ఇంగ్లిషులో ‘మౌ’ అంటారు బాబాయి గారూ. కుప్ప కూడా అక్కడే ఉంది. షేక్‌స్పియర్ దాకా వచ్చారు కనుక చెబుతున్నాను, ఆ వాక్యం పుట్టింది హామ్లెట్‌లో. నేల కిందినుంచి “ప్రమాణం చెయ్యండి” అంటున్న తండ్రి ప్రేతాన్ని కొడుకు “ముసలి మోల్” అని పిలుస్తాడు. కన్నతండ్రిని! భయం, చనువు, వెక్కిరింత అన్నీ ఆ ఒక్క పిలుపులోనే. మార్క్స్ కంటే ముందే జర్మన్ తత్త్వవేత్త హెగెల్ దాన్ని తన తత్త్వచరిత్ర ఉపన్యాసాల్లోకి తెచ్చుకున్నాడు. అప్పటికే ఆ చనువు సగం పోయింది.

అరసున్న:
బాగుంది. తెలుగులో ఏమనాలి మరి?

కొక్కురౌతు:
పందికొక్కు అనండి. ఇంగ్లిషు వాళ్లు బాండికూట్ అని మన దగ్గర పట్టుకెళ్లిన మాటే.

చెదలపుస్తకం:
గాదెలు బొక్కే జీవి అది. “పందికొక్కులా మేశాడు” అని తిట్టే భాషలో విప్లవాన్ని పందికొక్కు అంటే మార్క్స్ మెచ్చుకున్నట్టా, దొంగ అన్నట్టా?

కొక్కురౌతు:
ఆ కొక్కునే వినాయకుడు ఎక్కి తిరుగుతున్నాడు కదండీ. నా సందేహం వేరు. అందులో ‘పంది’ ఎందుకు? పందిలా బలిసినందుకా, పందిలా తవ్వినందుకా?

బెర్లిన్ బాబాయి:
తవ్వినందుకే. పంది తవ్వేది దేనితో? మూతితో. నోరు కాదన్నారు కదా చెదలపుస్తకం గారూ, ఇప్పుడు చెప్పండి.