‘తీసుకున్న’, ‘దిగిన’, ‘గీసుకున్న’: స్టైకెన్ స్వీయచిత్రానికి ఏ క్రియ?

ప్రశ్న: అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ 1902 నాటి స్వీయచిత్రం కింద తెలుగులో ఒక వాక్యం రాయాలి. కుంచె, రంగుల పలక పట్టుకుని ఉన్నాడు. ఫోటోయే గానీ చూడబోతే పెయింటింగే. ‘గీసుకున్న’ అనవచ్చా?

జవాబు: వద్దండి. అది గమ్ బైక్రోమేట్ ప్రింటు. గమ్ అరబిక్ (తుమ్మబంక లాంటిది) ద్రావణం ఒక వంతు, వెలుతురుకు స్పందించే పొటాషియం బైక్రోమేట్ సంతృప్త ద్రావణం ఒక వంతు తీసుకుని, నీటిరంగు కలిపి కాగితానికి పూస్తారు. చీకట్లో ఆరబెట్టి, నెగెటివ్ ఆనించి ఎండలో పెడతారు. ఎండ తగిలినచోట బంక గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లలో కరుగుతుంది. బోర్లా వేసి అరగంటో గంటో నానబెడితే బొమ్మ తేలుతుంది. తడి మీదే కుంచెతో రుద్ది అక్కర్లేని రంగు వదిలిస్తారు. ఈ పద్ధతిలో కనబడే కుంచె జాడలు చాలావరకు గీసినవి కావు, చెరిపినవి.

మరొకరు: స్టూడియోల్లో ‘ఫిల్ము కడగడం’ అంటాం చూడండి, ఆ మాట దీనికి అక్షరాలా సరిపోతుంది. డెవలపర్ అనే రసాయనం లేదు, ఉత్త నీళ్లే! ‘దిగిన’ మాత్రం నప్పదు. కెమెరా ముందున్నవాడు దిగుతాడు, వెనకున్నవాడు తీస్తాడు, తెలంగాణలో దించుతాడు. ‘స్టైకెన్ దిగిన ఫోటో’ అంటే తీసింది ఇంకెవరో అనుకుంటారు. స్టూడియోకెళ్లి తీయించుకున్నవాళ్లూ ‘తీసుకున్నా’ అంటారు కాబట్టి ‘తనను తానే తీసుకున్న’ అనండి.

ప్రశ్న అడిగినవారు: అంత చిక్కటి నలుపు ఒక్క పూతకే వస్తుందా గురువుగారూ? ‘పలు పూతల’ అని చేర్చనా?

జవాబు: మామూలుగా రాదు. రంగు మరీ ఎక్కువ వేస్తే పొర పెచ్చులూడుతుంది, తెల్లగా ఉండాల్సిన చోట మరక పడుతుంది. అందుకే పలచగా పూసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ పూస్తారు. తడిసి ఆరిన కాగితం కుంచించుకుపోతుంది. ముందే నానబెట్టి ఆరబెట్టి జెలటిన్ పట్టించకపోతే రెండో పూతకు నెగెటివ్ గీతకు గీత కుదరదు. పూసిన కాగితం రాత్రంతా ఉంచేస్తే చీకట్లోనే గట్టిపడుతుంది, ఎంత కడిగినా వదలదు. అయినా బొమ్మ ఉన్న మ్యూజియం ఇచ్చిన వివరంలో లేని పూతల లెక్క మనం రాయకూడదు.

మరొకరు: ఏ ప్రతి చూసి రాస్తున్నారో కూడా చూసుకోండి. ‘కెమెరా వర్క్’ పత్రికలో 1903లో వచ్చింది ఫోటోగ్రావ్యూర్, అంటే రాగిరేకు నుంచి సిరాతో తీసిన అచ్చు. దానికింద ‘గమ్’ అని రాస్తే తప్పు.

ఇక స్టైకెన్‌దే 1929 నాటి మరో స్వీయచిత్రం సంగతి వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి విమానాల నుంచి ఫోటోలు తీయించాక స్టైకెన్ పెయింటింగులా మసకగా ఉండే ఫోటోలు వదిలి స్పష్టతకు మళ్లాడు, తన పెయింటింగులు తగలబెట్టాడు, 1923లో వోగ్, వానిటీ ఫెయిర్ పత్రికల్లో చేరాడు. 1929 నాటికి కుంచె పోయి చుట్టూ ఫోటో సరంజామా చేరింది. అక్కడ ఉత్త ‘తీసుకున్న’ చాలు, తీసిందెవరో బొమ్మే చెబుతోంది.